పావు అంగుళం సంగతి రాయడం మరిచారు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక కుటుంబం పేజీలో పోయిన ఆదివారం వచ్చిన, కొత్తగా నేర్చుకునేవారు గుడ్డముక్కలతో బొంత కుట్టుకునే పద్ధతి గురించిన వ్యాసం చదివి, ఆదోనిలో నా దగ్గర కుట్టు నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు ఆ సాయంత్రానికే కత్తెర పట్టుకున్నారు. గురువారం నాటికి ఒకమ్మాయి తొమ్మిది ముక్కల చొప్పున పన్నెండు వరుసలు కుట్టి తెచ్చింది. ఆ వరుసలను మా వసారాలో చాప మీద పక్కపక్కన పరిచి చూస్తే ఒకటి నలభై ఒక్క అంగుళాలు, ఇంకొకటి ముప్పై తొమ్మిదిన్నర, మరొకటి నలభైకి కొంచెం పైన వచ్చాయి. ఆ అమ్మాయి చేతిలో నైపుణ్యానికి లోటు లేదు. మీ వ్యాసంలో ఉండవలసిన ఒక కొలత లేకపోవడమే దీనికి కారణమని చెప్పడానికీ, ఆ కొలతను మీరు అచ్చువేస్తే మేలని కోరడానికీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసంలో ఇచ్చిన లెక్క ఇది: ఐదు అంగుళాల చదరపు ముక్కలు 108 కత్తిరించి, అడ్డం తొమ్మిది, నిలువు పన్నెండు చొప్పున కలిపితే 45 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు గల బొంత వస్తుంది. కాగితం మీద ముక్కలను పక్కపక్కన పేర్చి గుణిస్తే ఆ లెక్క సరిపోతుంది కానీ, రెండు గుడ్డలను కలిపి కుట్టినప్పుడు రెండింటి అంచులూ కొంత లోపలికి పోతాయన్న సంగతి అందులో లేదు. ముక్కల బొంతకు కుట్టు లోపల వదిలే గుడ్డ పావు అంగుళం. ఒక్కో అతుకు దగ్గర ఇటు పావు, అటు పావు కలిసి అర అంగుళం తగ్గుతుంది. తొమ్మిది ముక్కల వరుసలో ఎనిమిది అతుకులు ఉంటాయి కనుక నాలుగు అంగుళాలు తగ్గి వరుస 41 అంగుళాలే అవుతుంది. నిలువులో పదకొండు అతుకులకు ఐదున్నర అంగుళాలు తగ్గి 54న్నర అవుతుంది. చుట్టూ అంచు పట్టీ వేసేటప్పుడు ఆ అంచుల్లోనూ పావు పావు పోతుంది. 45 అంగుళాల మంచానికని మొదలుపెట్టిన బొంత చివరికి ఉయ్యాలకు ఎక్కువగానూ మంచానికి తక్కువగానూ తేలడంలో ఆశ్చర్యం లేదు.

కొలత తగ్గడం అంత పెద్ద నష్టం కాదు, ఇంకో రెండు వరుసలు కలుపుకుంటే తీరిపోతుంది. అసలు నష్టం అన్ని అతుకులూ ఒకే తీరుగా లేకపోవడంలో ఉంది. ఒక్కో కుట్టు అనుకున్న గీత కంటే అంగుళంలో పదహారో వంతు, అంటే రెండు మూడు దారాల మందం, లోపలికి జరిగిందనుకోండి. రెండు ముక్కల్లోనూ అంతే పోతుంది కనుక అతుకుకు ఎనిమిదో వంతు చొప్పున, ఎనిమిది అతుకులకు ఒక అంగుళం నిండుగా పోతుంది. కంటికి ఆనని తేడా వరుస చివరికి బొటనవేలంత అవుతుంది. రైక కుట్టేవారికి ఈ భయం ఉండదు, ఎందుకంటే రైకలో పక్క కుట్టుకు ఒకటీ ఒకటిన్నర అంగుళం లోపల వదులుతాము, మనిషి లావైతే విప్పి వదులు చేసుకోవచ్చునన్న ధీమాతో కుడతాము. ఇరవై ఏడేళ్లుగా నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను, రైకలు బాగా కుట్టే చేయి బొంతకు కూర్చున్న మొదటి వారం తెలియకుండానే అర అంగుళం వదిలేస్తుంది. అసలు మిషను ఎక్కని పిల్ల చెప్పినట్టుగా పావు అంగుళం దగ్గరే కుడుతుంది. ఈ ఒక్క పనిలో మాత్రం ఏమీ రాకపోవడమే కొంత అదృష్టమని నాకు తోస్తుంది.

పావు అంగుళం తప్పితే బొంత కాదని నా వాదన కాదు. అన్ని అతుకులూ అర అంగుళం దగ్గర కుట్టినా ముక్కలు ఒకదానికొకటి సరిపోతాయి, కాకపోతే తొమ్మిది ముక్కల వరుస 37 అంగుళాలకు దిగిపోతుంది, లోపల గుడ్డ గుట్టపడి తరువాత ఈ పైపొరనూ దాని కింది పొరలనూ కలిపి కుట్టేటప్పుడు సూదికి అడ్డం వస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని దానినే పట్టుకోవాలి. దానికి పరీక్ష చాలా సులువు. మూడు ఐదు అంగుళాల ముక్కలను వరుసగా కలిపి, అతుకులను ఇస్త్రీ చేసి, టేపు పెట్టి చూస్తే సరిగ్గా 14 అంగుళాలు రావాలి. పదమూడు ముప్పావు వస్తే మీరు ఎక్కువ గుడ్డ లోపలికి తీసుకుంటున్నారని, పద్నాలుగుంబావు వస్తే తక్కువ తీసుకుంటున్నారని అర్థం. ఈ మూడు ముక్కలూ సరిపోయేదాకా నాలుగో ముక్క ముట్టుకోవద్దని నేను మా పిల్లలకు చెబుతాను. మిషను పాదం అంచు సూదికి పావు అంగుళం దూరంలోనే ఉంటుందని నమ్మవద్దు, పాదానికీ పాదానికీ తేడా ఉంటుంది. సూదిని కిందికి దింపి, దాని మొన నుంచి కుడివైపుకు స్కేలుతో పావు అంగుళం కొలిచి, అక్కడ మిషను పలక మీద దెబ్బలకు అంటించే ప్లాస్టరు ముక్కను రెండు మూడు పొరలుగా నిలువునా అంటిస్తే చిన్న గట్టు ఏర్పడుతుంది. గుడ్డ అంచు ఆ గట్టును రాసుకుంటూ పోతే చాలు, సూది వైపు చూడనక్కరలేదు. కొత్తవారంతా సూదినే చూస్తారు, అందుకే కుట్టు వంకర పోతుంది.

గుడ్డ విషయంలోనూ మీ వ్యాసం ‘ఇంట్లో ఉన్న ఏ గుడ్డయినా’ అని తేల్చేసింది. మన ఇళ్లలో గుడ్డకు కొదువ లేని మాట నిజమే. పేరంటాల్లోనూ వ్రతాల్లోనూ తాంబూలంతో పాటు ఇచ్చే రైక గుడ్డలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి మరో ఇంటికి మడత విప్పకుండానే తిరుగుతుంటాయి. మా బీరువాలో ఉన్న ఒక ఆకుపచ్చ గుడ్డ నేను ఇచ్చిందే మూడేళ్లకు నా దగ్గరికి తిరిగి వచ్చింది. ఎనభై సెంటీమీటర్ల పొడవు, 36 అంగుళాల వెడల్పు ఉన్న ఒక్క రైక గుడ్డ నుంచి ఐదు అంగుళాల ముక్కలు 42 వస్తాయి, అంటే మూడు గుడ్డలు ఉంటే 108 ముక్కలకు చాలి ఇంకా మిగులుతాయి. అయితే వాటిలో సగం నూలు కానివే. అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లకు చూపిస్తే తెలిసిపోతుంది: నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది, పాలిస్టరైతే కరిగి చివర నల్లని పూసలా గట్టిపడుతుంది. రెండూ కలిపి కుడితే, నూలుకు పెట్టిన ఇస్త్రీ వేడికి పాలిస్టరు ముడుచుకుపోతుంది, లేదా పాలిస్టరుకు సరిపోయే వేడికి నూలు మడత లొంగదు. జారిపోయే జార్జెట్టును మొదటి బొంతలో వాడటం అంటే ఈత రానివాడు బావిలో దూకడం వంటిది.

నూలు గుడ్డను కత్తిరించే ముందే తడిపి ఆరవేయాలన్న మాటా వ్యాసంలో లేదు. ఇది నాకు అనుభవంలో తెలిసిన సంగతి. పెళ్లైన కొత్తలో మా అక్క కూతురు పుట్టినప్పుడు తెలుపు, ఎరుపు ముక్కలు ఒకటి విడిచి ఒకటి వేసి ఉయ్యాల బొంత కుట్టాను. ఎర్ర గుడ్డ ఒక దుకాణంలో కొన్నది, రంగు దిగదని గట్టిగా చెప్పి ఇచ్చారు. మొదటి ఉతుకులోనే బకెట్టులో నీళ్లు కుంకుమ కలిపినట్టయ్యాయి, తెల్ల ముక్కలన్నీ గులాబి రంగుకు తిరిగాయి, అదీ ఒకే తీరుగా కాక మచ్చలు మచ్చలుగా. ఇరవై రోజుల పని ఒక్క బకెట్టులో పోయింది. అప్పటి నుంచి ముదురు రంగు గుడ్డ ఏదైనా సరే, దాని ముక్కను తడిపి తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ పెట్టెతో అదిమి చూడనిదే కత్తెర వేయను. నూలు గుడ్డ మొదటి తడికి కొంత కుంచించుకుపోతుంది కూడా. తడపని కొత్త గుడ్డనూ, వందసార్లు ఉతికిన పాత చీర ముక్కనూ పక్కపక్కన కుడితే, ఉతికిన తరువాత కొత్తది లాక్కుని పాతది ఉబ్బుతుంది.

కత్తిరించడంలో ఒక్క మాట. ముక్క అంచులు గుడ్డ పోగుల వెంట, నిలువు పోగుకో అడ్డపోగుకో సమానంగా ఉండాలి. ఐమూలగా కత్తిరించిన అంచు రబ్బరులా సాగుతుంది, కుట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడినా ఒకవైపు పెరిగిపోతుంది. అట్టముక్కతో ఐదు అంగుళాల అచ్చు చేసుకుని గీసుకోవడం మంచిదే కానీ, యాభై సార్లు సుద్ద గీసేసరికి ఆ అట్ట అంచు అరిగి కొలత మారుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము గానీ మందపాటి ప్లాస్టిక్ ఫైలు అట్ట గానీ అయితే నిలుస్తుంది.

ఇక అతికే పని. రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, అంగుళానికి పది పన్నెండు కుట్లు పడేలా మిషను అమర్చుకుని కుట్టాలి. మొదలూ చివరా వెనక్కి తిప్పి కుట్టవలసిన పని లేదు, ఆ చివరల మీదుగా తరువాత అడ్డకుట్టు వచ్చి బిగిస్తుంది. ఒక జత అయిపోగానే దారం తెంపకుండా, పాదం ఎత్తకుండా, రెండు మూడు ఖాళీ కుట్లు వేసి వెంటనే తరువాతి జతను పాదం కిందికి తోయాలి. ఇలా యాభై జతలు వరుసగా పోతే మిషను వెనుక అవి మామిడాకుల తోరణంలా వేలాడుతూ నేలకు దిగుతాయి. చివర్లో కూర్చుని జత జతకూ మధ్య దారం కత్తిరించుకుంటే సరిపోతుంది. దారమూ కాలమూ ఆదా కావడం ఒక ఎత్తు, చేయి ఒకే లయలో పడి కొలత మారకుండా ఉండటం ఇంకో ఎత్తు. మా పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన భాగమూ ఇదే.

మీ వ్యాసకర్త ‘ఇస్త్రీ చివర ఒక్కసారి చేస్తే చాలు’ అని రాశారు. ఇక్కడ నేను పూర్తిగా విభేదిస్తున్నాను. ప్రతి అతుకునూ, దాని మీద ఇంకో కుట్టు పడకముందే ఇస్త్రీ చేయాలి. పెట్టెను చొక్కా మీద తోసినట్టు ముందుకూ వెనక్కూ తోయకూడదు, గుడ్డ సాగుతుంది. దించాలి, అదమాలి, ఎత్తాలి. అతుకు లోపలి గుడ్డను రెండు వైపులకూ విప్పకుండా ఒకే వైపుకు, వీలైతే ముదురు రంగు ముక్క వైపుకు మడిచి అదిమితే పైనుంచి నీడ కనిపించదు. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మొదటి వరుసలోని మడతలన్నీ ఎడమవైపుకు, రెండో వరుసలోని మడతలన్నీ కుడివైపుకు, మూడోది మళ్లీ ఎడమకు, ఈ విధంగా ఒకటి విడిచి ఒకటి ఎదురు దిక్కుకు అదిమి ఉంచుకోవాలి. అప్పుడు రెండు వరుసలను ఎదురెదురుగా పెడితే, ఒకదాని మడత గట్టు ఇంకొకదాని మడత గట్టుకు ఎదురుగా వచ్చి ఆనుకుంటుంది. కళ్లు మూసుకుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఆ చోటు పట్టుకుని కొద్దిగా జరిపితే, రెండూ ఒకదాన్నొకటి తట్టుకుని ఆగిన జాగా వేలికి తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చితే నాలుగు ముక్కల మూలలు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ఈ ఒక్క కిటుకు తెలియకనే ఆ అమ్మాయి వరుసల్లో మూలలు మెట్లలా ఎగుడుదిగుడుగా వచ్చాయి. మడతలన్నీ ఒకే వైపుకు ఉంటే అతుకు దగ్గర గుడ్డ ఎత్తుపడి మిషను కూడా అక్కడ తడబడుతుంది.

వరుసలను కలిపేటప్పుడు ఒకదాని కింద ఒకటి చేర్చుకుంటూ పోవడం కంటే, ముందు రెండేసి, తరువాత నాలుగేసి కలుపుకుంటే చేతిలో బరువు తక్కువగా ఉండి గుడ్డ సాగదు. ఒక వరుసను ఎడమ నుంచి కుట్టితే తరువాతి దాన్ని కుడి నుంచి కుట్టాలి, లేకపోతే బొంత మొత్తం విల్లులా ఒకవైపుకు వంగుతుంది. రెండు వరుసల్లో ఒకటి ఇసుమంత పొడవుంటే దానిని కింద వేసి కుట్టండి, మిషను పళ్లు కింది గుడ్డను కొంచెం ఎక్కువగా లాక్కుంటాయి కనుక ఆ తేడా సర్దుకుపోతుంది. అర అంగుళం దాటిన తేడాను మాత్రం అలా సర్దకూడదు, విప్పి కుట్టవలసిందే.

మిషను లేనివారు నిరాశపడనక్కరలేదు. ముక్క వెనుక వైపు చుట్టూ పావు అంగుళంలో పెన్సిలుతో గీత గీసుకుని, రెండు ముక్కల మూలల గీతలు కలిసేలా గుండుసూదులు పెట్టి, ఆ గీత మీద అంగుళానికి ఎనిమిది తొమ్మిది చిన్న కుట్లు వేస్తూ, రెండంగుళాలకొకసారి ఒక కుట్టు వెనక్కి వేస్తే గట్టిగా నిలుస్తుంది.

మీ వ్యాసం మొదటి వాక్యంలో ఇది ‘విదేశాల నుంచి ఈ మధ్య మనకు వచ్చిన కళ’ అని ఉంది. దీని గురించీ ఒక మాట రాయక తప్పదు. 1953 దాకా మా ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది, అందుకే మా ఇళ్లలో ఇప్పటికీ బొంతను కొందరు కన్నడంలో లాగా కౌది అంటారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీ తెగ స్త్రీలు ఈ బొంతలను అంచుల నుంచి మొదలుపెట్టి నడిమికి కుట్టుకుంటూ వస్తారు. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజనీ అనే బొంతలు ఉన్నాయి. మా అవ్వ బొంతల్లో దూది ఉండేది కాదు. పత్తి మార్కెట్టుకూ జిన్నింగు మిల్లులకూ పేరున్న ఊళ్లో, దూదేకేవారు ఇంటింటికీ వచ్చి పరుపులు ఏకిపోయిన రోజుల్లో కూడా ఆమె బొంతలో దూది పెట్టలేదు, నాలుగైదు పాత చీరలను పొరలుగా పరిచి వాటి మీద ముక్కల పైపొర వేసి కుట్టేది. దానికి కారణం ఇప్పుడు నాకు తెలుస్తోంది. దగ్గర దగ్గరగా కుట్లు వేయకపోతే విడి దూది ఉతికినప్పుడు మూలకు చేరి ఉండలు కడుతుంది, చీర పొరలకు ఆ బాధ లేదు. అడుగు పొరకు ఆమె ఎమ్మిగనూరు మగ్గం దుప్పటి వాడేది, మధ్యలో అతుకు రాకుండా ఉంటుందని. మాచాని సోమప్ప గారు ఆ ఊళ్లో 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం పేరు ఆమె నోట ఆ దుప్పట్ల ద్వారానే మొదట విన్నాను.

మా అవ్వ కుట్టిన బొంత ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పైపొరలో రెండు మూడు ముక్కలు చివికి లోపలి చీర అంచు కనిపిస్తోంది కానీ, అతుకు ఒక్కటీ విడలేదు. గుడ్డ చిరిగిన చోట కూడా కుట్టు అలాగే నిలిచి ఉండటం ఎవరైనా వచ్చి చూడవచ్చు. అందువల్లనే అదే ఆదివారం సంచికలో మొదటి పేజీ శీర్షిక ఒక రాజకీయ పొత్తును ‘అతుకుల బొంత’ అని ఎద్దేవా చేయడం, లోపలి పేజీలో ఆ బొంతనే కుట్టడం ఎలాగో నేర్పబోవడం చూసి నాకు నవ్వూ వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. నిలవని దానికి, తొందరలో ముడివేసిన దానికి వేరే మాటలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. శీర్షికలు రాసే మీ ఉపసంపాదకులు ఎవరైనా ఆదోని వైపు వస్తే, మా వసారాలో మిషను ముందు కూర్చుని మూడు ముక్కలు కలిపి 14 అంగుళాలు తెప్పించి చూపమని నా మనవి. ఆ తరువాత వారు ఏ మాట రాసినా నాకు అభ్యంతరం లేదు.

బడులకు సెలవులు దగ్గర పడుతున్నాయి, మీ వ్యాసాన్ని కత్తిరించి దాచుకున్న పిల్లలు ఎందరో ఉంటారు. కనుక వారు గుడ్డ కత్తిరించేలోపే ఈ నాలుగు సంగతులను, కుట్టుకు వదిలే పావు అంగుళం, తయారైన కొలత, గుడ్డను ముందుగా తడపడం, మడతలను ఎదురెదురుగా అదమడం, అదే కుటుంబం పేజీలో చిన్న సవరణగా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. ఆ అమ్మాయి తన పన్నెండు వరుసల్లో ఏడింటిని సన్నని బ్లేడుతో కుట్టు కుట్టూ విప్పి, ముక్కలను మళ్లీ ఇస్త్రీ చేసుకుని, ప్లాస్టరు గట్టు పక్కన కొత్తగా కుట్టుకుంటోంది. నిన్న సాయంత్రానికి నాలుగు వరుసలు 41 అంగుళాల దగ్గర ఆగాయి. ఐదోది నలభై ముప్పావు వచ్చిందని ఈ ఉదయం మళ్లీ విప్పింది.

ఇట్లు,
ఒక కుట్టు టీచరు,
ఆదోని, కర్నూలు జిల్లా